పట్టే చేతులే పెంచే చేతులు కావాలి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాటి యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఐక్యరాజ్యసమితి 1994లో ఆగస్టు 9ని ఆదివాసీల దినంగా ప్రకటించింది. ఏటా ఈ రోజున మనం పాటలు పాడుకుంటాం, పెద్దల్ని తలుచుకుంటాం. అవి ఎప్పటికీ ఉండాలి. ఈసారి మాత్రం మన సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచి, "మీరు చెరువు పట్టి దెబ్బతిన్నారు, మళ్లీ నిలబడ్డారు. ఆ మాట పిల్లలకు చెప్పండి" అన్నారు. అందుకే వచ్చాం. మేమంటే ఒకరం కాదు, ఒక ఊరి ఎనిమిది యానాది కుటుంబాలం. అందరి తరఫునా ఈ నాలుగు మాటలు.

ముందు ఒక ప్రశ్న. ఈ సభలో యానాదులం ఎక్కువమందిమి ఉన్నాం. ఎరుకల, సుగాలి కుటుంబాల పిల్లలూ ఉన్నారు. మీలో ఎంతమందికి చేపలు పట్టడం వచ్చు? చాలా చేతులు లేచాయి. సంతోషం. మీలో ఎంతమంది కుటుంబాల చేతిలో ఒక చెరువు లీజు ఉంది? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. మేము మాట్లాడాల్సింది ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరం గురించే.

నీళ్లతో మన సంబంధం ఈనాటిది కాదు. పులికాట్ సరస్సులో వల లేకుండా చేతులతో తడిమి రొయ్యలు పట్టే ఆడవాళ్లు మన యానాదులే. శ్రీహరికోట దీవి ఒకప్పుడు మనవాళ్ల ఊరు. 1970 ప్రాంతంలో రాకెట్ కేంద్రం కోసం అక్కడి కుటుంబాలను కదిలించారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఆ శ్రీహరికోట, సూళ్లూరుపేట, తడ వైపంతా తిరుపతి జిల్లాలో కలిసింది. ఒకప్పటి చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. ఇప్పుడు తిరుపతి జిల్లాకు సముద్రమూ ఉంది, పులికాటూ ఉంది, పడమటి వైపు వందల చెరువులూ కుంటలూ ఉన్నాయి. ఇన్ని నీళ్ల మధ్య మనం చేస్తున్న పని ఏమిటి? ఎవరో లీజు తీసుకున్న చెరువుకు రాత్రి కాపలా. ఎవరో పెంచిన చేపలకు వల లాగే కూలి. వల లాగిన రోజు కూలి డబ్బు, కూరకు రెండు చేపలు. మిగతా పది నెలలు మద్రాసు వైపు ఇటుక బట్టీలు, తోటల కాపలాలు.

దీన్ని మార్చాలనే మేము ఒక ఏడాది ఊరి కుంటను లీజుకు తీసుకున్నాం. నీళ్లు నిండుగా ఉంటే మూడెకరాలు ఉంటుంది. చేపల గురించి మాకు ఒకరు చెప్పాలా అనుకున్నాం. మా తాత అయితే, "ఏమిరా అబ్బోడా, చేప నీళ్లలో పుట్టి నీళ్లలో పెరుగుతాది. దానికి చదువెందుకు?" అన్నాడు. మేమూ అదే నమ్మాం.

కార్తీకంలో వానలు పడి కుంట నిండింది. పిల్లలు అమ్మే వ్యాపారి దగ్గరికి పోయాం. అగ్గిపుల్ల అంత పిల్లలు ఇచ్చాడు. అందులో ఏ రకం ఎన్ని ఉన్నాయో అడగలేదు. సంచీ విప్పి నేరుగా నీళ్లలో కుమ్మరించాం. కుంటలో అప్పటికే కొరమీను, మట్టగిడస ఉన్నాయి. మేము వేసింది వాటికి మేతైంది. మిగిలినవి కొంచెం పెరిగాయి. పేడ ఎంత వేస్తే చేప అంత లావవుతుందని ఎవరో అంటే, బండ్లకొద్దీ పేడ తోలాం. మాఘం పోయాక మూడు రోజులు వరసగా మబ్బు పట్టింది. నాలుగో రోజు తెల్లవారుజామున కాపలా ఉన్న పిల్లోడు పరిగెత్తుకొచ్చాడు. పోయి చూస్తే చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. పొద్దెక్కేసరికి కట్ట వెంట తెల్లగా తేలిపోయాయి. రోగమని చెప్పి ఒకాయన పొడి మందు అమ్మాడు. అదీ చల్లాం. ఆ ఏడు పెట్టిన డబ్బులో సగం కూడా తిరిగి రాలేదు. ఇద్దరు కుర్రోళ్లు అప్పు తీర్చడానికి బట్టీకి పోయారు. వాళ్లలో ఒకడు ఈ రోజు ఈ సభలో ఉన్నాడు.

అప్పుడు మా ఊరి పిల్ల ఒకామె, తిరుపతిలో చదువుకుంటున్న అమ్మాయి, "విశ్వవిద్యాలయంలో చేపల గురించి చెప్పే సార్లు ఉంటారు, పోయి అడుగుదాం" అంది. మాకు భయం. గేటు దగ్గర ఆపుతారేమోనని, ఇంగ్లీషులో మాట్లాడతారేమోనని. ఆ అమ్మాయే ముందు నడిచింది. లోపల ఒక సారు కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు అడిగాడు. చేపలు నోరు తెరిచింది ఏ వేళప్పుడు? తెల్లవారుజామున. ఎండ వచ్చాక బతికున్నవి కిందికి దిగాయా? దిగాయి. "అయితే ఇది రోగం కాదు, ఊపిరి ఆడక చచ్చాయి" అన్నాడు.

ఆయన చెప్పింది మేము అర్థం చేసుకున్నట్టే మీకు చెబుతాం. నీళ్లు ఆకుపచ్చగా ఉండటానికి కారణం కంటికి కనపడని పాచి. అది పగలు ఎండలో నీళ్లకు ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి అదే పాచి, చేపలు, కుళ్లే పేడ, అన్నీ కలిసి ఆ గాలిని వాడుకుంటాయి. అందుకే తెల్లవారే ముందు నీళ్లలో గాలి అన్నిటికంటే తక్కువ. మబ్బు పడితే పగలు తయారయ్యేది తగ్గుతుంది. పేడ ఎక్కువైతే రాత్రి ఖర్చయ్యేది పెరుగుతుంది. మేము రెండు వైపులా చేపను చంపుకున్నాం. లీటరు నీళ్లలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే చేప హాయిగా ఉంటుంది. చేపలు నోరు తెరిస్తే చేయాల్సింది పేడ, మేత వెంటనే ఆపడం, ఇంజను పెట్టి నీళ్లను పైకి చిమ్మించడం, బోరు ఉంటే కొత్త నీళ్లు వదలడం. పొడి మందుతో దానికి పని లేదు.

నీళ్ల రంగు చూసేందుకు ఖరీదైన సామాను కూడా అక్కరలేదు. మోచేతిదాకా చెయ్యి నీళ్లలో పెట్టండి. అరచెయ్యి స్పష్టంగా కనపడితే నీళ్లలో మేత లేదు, కొంచెం ఎరువు వేయొచ్చు. మోచేతికి చాలా పైనే చెయ్యి కనపడకుండా పోతే పాచి ఎక్కువైంది, ఎరువు ఆపాలి. ఇది మన అమ్మలు కూడా చేయగల పరీక్ష.

ఆ రోజు మాకు తెలిసిన ఇంకో సంగతి, విశ్వవిద్యాలయం పని క్లాసుల్లో పాఠం చెప్పడంతో అయిపోదు. కనిపెట్టిన సంగతిని రైతు గట్టుకు చేర్చడం కూడా దాని పనే. దాన్నే విస్తరణ అంటారు. అమెరికాలో దీనికోసం 1914లోనే చట్టం చేశారు. అక్కడి అలబామా రాష్ట్రంలో, ఇప్పుడు ఆబర్న్ విశ్వవిద్యాలయం అని పిలిచే చోట, 1930లలో స్వింగిల్ అనే ఆయన పేద రైతుల కుంటల్లో చేప ఎలా పెరుగుతుందో పరీక్షలు చేసి, దాన్ని ఊళ్లకు చేర్చాడు. మన దేశంలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో పుదుచ్చేరిలో వచ్చింది. ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాకూ ఒకటి ఉంది.

మన దగ్గర ఏమేమి ఉన్నాయో రాసుకోండి. తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, అందులో జంతుశాస్త్రం విభాగం ఉంది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో 1991లో మొదలైన మత్స్య కళాశాల చాలా ఏళ్లు దాని కిందనే నడిచింది. 2020 చట్టంతో పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం కేంద్రంగా మత్స్య విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. రేణిగుంట దగ్గర కరకంబాడిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పడమటి మండలాలవాళ్లకు కలికిరిలో ఒకటి ఉంది. ఇవి కాక ప్రతి జిల్లాలో మత్స్యశాఖ కార్యాలయం ఉంటుంది. ఇవన్నీ మన పన్నులతో నడిచేవే. అగ్గిపెట్టె కొన్నా మనం పన్ను కడుతున్నాం. కాబట్టి గేటు దగ్గర తల దించుకోవాల్సిన పని లేదు.

పోయేటప్పుడు ఉత్త చేతులతో పోవద్దు. శుభ్రమైన సీసాను నీళ్లలో ముంచి, గాలి బుడగ లేకుండా నింపి మూత బిగించి తీసుకుపోండి. కుంట అడుగున నాలుగు చోట్ల మట్టి తీసి, కలిపి, ఆరబెట్టి పట్టుకుపోండి. చేపకు రోగమనుకుంటే కుళ్లిన చేపను మోసుకుపోవద్దు, దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. కొనప్రాణంతో ఉన్న చేప కావాలి, లేదా అప్పుడే చచ్చినదాన్ని ఐసులో పెట్టి తీసుకుపోవాలి. ఎన్ని పిల్లలు వేశాం, ఏ రోజు, ఏ మేత, ఎంత, అన్నీ ఒక నోటు పుస్తకంలో ఉండాలి. మా దగ్గర మొదటి ఏడు ఆ పుస్తకం లేదు. సారు అడిగిన సగం ప్రశ్నలకు మేము నేల చూశాం.

రెండో ఏడు ఏం మార్చామో చెబుతాం. వేసవిలో కుంట ఎండినప్పుడు అడుగు దున్ని, ఎకరాకు 100 కిలోల లెక్కన సున్నం చల్లాం. మడుగుల్లో మిగిలిన కొరమీను, మట్టగిడసలను వల వేసి పూర్తిగా తీసేశాం. ఆ పని మనకంటే బాగా ఎవరు చేయగలరు? ఎండని సొంత గుంటలకు ఇప్ప పిండి వాడొచ్చు. హెక్టారుకు 2,500 కిలోలు వేస్తే పనికిరాని చేపలు చస్తాయి, తర్వాత అదే ఎరువవుతుంది. కానీ దాని విషం పోయేందుకు రెండు మూడు వారాలు ఆగాలి. పశువులు తాగే ఊరి చెరువులో మాత్రం అది వద్దు.

పిల్లల్లో మూడు రకాలు కలిపాం. బొచ్చె పైనీళ్లలో తింటుంది, రోహు నడుమ, మోసు అడుగున. ఒకే కుంటలో మూడు అంతస్తుల మేతా ఖర్చవుతుంది. నూటికి 40 బొచ్చె, 30 రోహు, 30 మోసు. హెక్టారుకు 5,000 నుంచి 10,000 పిల్లలు అని పుస్తకం చెబుతుంది. బాగా చూసుకోగలిగిన చెరువుకే ఆ లెక్క. మేము తక్కువ అంచెనే పట్టుకున్నాం. పిల్లలు తెచ్చిన సంచీని పావుగంట, ఇరవై నిమిషాలు కుంటలో తేలనిచ్చి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే చల్లదనానికి వచ్చాక విప్పాం. మేతకు మన దగ్గర దొరికేదే, తవుడు, శనక్కాయ చెక్క. చేపల బరువులో నూటికి రెండు మూడు వంతులు, రోజూ ఒకే వేళకు, ఒకే చోట.

అన్నిటికంటే పెద్ద పాఠం వేరే ఉంది. ఇది మన జిల్లాల పాఠం. చేపల పెంపకమంటే అందరూ కైకలూరు, ఆకివీడు వైపు చూస్తారు. అక్కడ కాలవ నీళ్లు, ఏడాదంతా నిండిన చెరువులు. మనది వానచెరువు. మన తూర్పు మండలాల్లో చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు వానలకు. కానీ బొచ్చె, రోహు గుడ్లు పెట్టేది జులై, ఆగస్టుల్లో. ఒకప్పుడు ఈ పిల్లల్ని నదుల్లో ఏరుకోవాల్సిందే. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త సూది మందుతో ఈ చేపల చేత గుడ్లు పెట్టించాడు. అందుకే జులై 10ని చేపల రైతుల దినంగా జరుపుతారు. ఆ విద్యతోనే ఈ రోజు హేచరీలు నడుస్తున్నాయి. అయితే పిల్ల దొరికే నెలలో మన చెరువు ఎండి ఉంటుంది, చెరువు నిండే నెలలో మంచి పిల్ల అయిపోయి ఉంటుంది. ఆ చివర్లో మిగిలిన అగ్గిపుల్లల్నే మాకు మొదటి ఏడు అంటగట్టారు. మేలో చెరువు ఎండేలోపు అవి ఎదగవు.

దీనికి మందు ఉంది. ఆగస్టులోనే చిన్న పిల్లల్ని కొని, బోరు నీళ్లున్న చిన్న గుంటలో ఒత్తుగా పెంచాలి. ఒత్తుగా ఉంటే అవి పెద్దగా ఎదగవు, గిడసబారి ఆగిపోతాయి. కానీ బలం పోదు. నవంబరులో చెరువు నిండగానే జానెడు పిల్లల్ని వదిలితే, చోటు దొరికిన ఊపులో గబగబా పెరుగుతాయి. కొరమీను నోటికి కూడా పట్టవు. ఏడాది పట్టే ఎదుగుదలలో చాలా భాగం ఆరేడు నెలల్లోనే వస్తుంది. ఉపాధి హామీలో తవ్విన సేద్యపు కుంటలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. వాటిలో నీళ్లు మూడు నెలలు నిలిచినా చిన్న పిల్లను వేలెడు పిల్ల చేయొచ్చు, దానికి పట్టేది రెండు మూడు నెలలే. అంటే చెరువు లీజు దొరకని కుటుంబం కూడా పిల్లలు పెంచి అమ్ముకోవచ్చు. మన మండలాల్లో నవంబరులో మంచి పిల్ల కోసం వెతికేవాళ్లు చాలామంది. ఆ పని మన ఆడవాళ్ల సంఘాలు పట్టుకుంటే బాగుంటుందని మా ఆశ.

రెండో ఏడు మేము లక్షలు గడించలేదు. అప్పు తీరింది. బట్టీకి పోయిన ఇద్దరూ ఊరికి వచ్చారు. పిల్లలు కడుపునిండా చేపలు తిన్నారు. ఇంతే మా గెలుపు. కానీ ఆ ఏడు వల లాగినప్పుడు కూలి అడగడానికి చెయ్యి చాచలేదు.

ఇప్పుడు మీ దగ్గర మేము కోరేది చెబుతాం.

ఒకటి, కాగితం. చెరువుల్లో కొన్ని పంచాయతీవి, కొన్ని మత్స్యశాఖవి. మీ ఊరి చెరువు ఎవరిదో, లీజు ఎప్పుడు అయిపోతుందో కనుక్కోండి. లీజుల్లో మత్స్యకార సహకార సంఘాలకు ముందు అవకాశం ఉంటుంది. మీ ఊరి సంఘం జాబితాలో మనవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో చూడండి. చాలా చోట్ల వల మనది, పేరు ఇంకొకరిది. 18 ఏళ్లు నిండినవాళ్లు సభ్యత్వానికి దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

రెండు, పథకం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు యూనిట్ ఖర్చులో 60 శాతం రాయితీ, మిగతావారికి 40 శాతం. మిగిలినది మనం పెట్టుకోవాలి. అందుకే ముందు పొదుపు, తర్వాత పథకం. చేపల రైతుకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు. కులధ్రువీకరణ, ఆధార్, బ్యాంకు ఖాతా సరిగా లేక మనవాళ్లు చాలామంది వెనక్కి వస్తున్నారు. చదువుకున్న పిల్లలు ఒక ఆదివారం కూర్చుని ఊరివాళ్ల కాగితాలన్నీ సరిచేయండి.

మూడు, చదువు. ఇంటర్లో బైపీసీ చదివేవాళ్లు నాలుగేళ్ల మత్స్యశాస్త్రం డిగ్రీ వైపు చూడండి. పదో తరగతితో రెండేళ్ల ఫిషరీస్ డిప్లొమా ఉంది, కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో పాలిటెక్నిక్ ఉంది. ఎస్టీలకు 6 శాతం సీట్లు ఉన్నాయి. ఆ సీట్లో మన పిల్ల కూర్చుంటే, రేపు గట్టు మీదికి వచ్చే విస్తరణ అధికారి మన భాషలో, మన బాధ తెలిసి మాట్లాడుతుంది.

నాలుగు, మన తెలివిని చిన్నచూపు చూడొద్దు. మా తాత అన్న మాట సగం తప్పు, సగం నిజం. ఏ గాలికి చేప ఏ ఒడ్డుకు చేరుతుందో, ఏ మడుగులో కొరమీను పిల్లల్ని కాపాడుకుంటుందో ఆయనకు తెలుసు. రెండో ఏడు ఆ సారు మా కుంటకు వచ్చినప్పుడు, తాత పక్కన కూర్చుని మావు, ఊత ఎలా అల్లుతారో, ఏ చేప ఎక్కడ దొరుకుతుందో గంటసేపు రాసుకున్నాడు. నేర్చుకోవడం రెండు వైపులా ఉంటేనే అది విస్తరణ. చెన్నైలోని ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ తమిళనాడు వైపు మన సోదరులైన ఇరుళ కుటుంబాలతో పీతల పెంపకం చేయించింది. పులికాట్ ఇవతలి ఒడ్డున ఉన్న మన పిల్లలు కూడా అడగండి. అడగనిదే ఎవరూ రారు.

ఒక హెచ్చరిక కూడా. తొందరగా లావవుతుందని ఆఫ్రికా మార్పును ఎవరైనా అమ్మజూపితే కొనొద్దు. దాని పెంపకాన్ని ప్రభుత్వం నిషేధించింది. అది చెరువులోని మన పాత చేపలన్నిటినీ తినేస్తుంది. పరిగె, జెల్ల, ఇంగిలాయి పోతే, లీజు లేని పేదవాడి కూరకుండ పోయినట్టే.

చివరగా ఒక పని పెట్టుకుని పోదాం. వచ్చే ఏడు ఇదే సభలో మళ్లీ ఆ రెండో ప్రశ్న అడుగుతాం, ఎంతమంది చేతిలో చెరువు లీజు ఉందని. పది చేతులు లేస్తే చాలు. ఎవరికైనా ఎక్కడికి పోవాలో, ఎవరిని అడగాలో తెలియకపోతే మా ఊరికి రండి. మా నోటు పుస్తకం చూపిస్తాం. మేము ఎక్కడ తప్పు చేశామో మొదటి పేజీలోనే రాసి ఉంది.

 జై ఆదివాసీ.